బీడీల షెడ్డులో వెన్నెల కథ

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను ఎవరికీ ఊరికే సలహా ఇవ్వలేదు. రిటైరయ్యాక ఆపుకోలేకపోతున్నాను. మొన్న కొత్తగా పంతులమ్మలైన అమ్మాయిలు కొందరు శిక్షణ తరగతులకు నన్ను పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, రెండు మాటలు చెప్పమన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి లేచి, "మేడమ్, కథలో మనుషులు పిల్లలకు నచ్చకపోతే ఆ పాఠం ఎట్లా చెప్పాలి? వదిలేసి వేరేది చెప్పొచ్చా?" అని అడిగింది. వదలొద్దమ్మా అన్నాను. అంతలో టీ వచ్చింది, మాట అక్కడే ఆగిపోయింది. ఎందుకు వదలొద్దో ఇప్పుడు తీరిగ్గా చెబుతాను. తీరిక మీకు లేకపోతే అది మీ ఇష్టం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్ళయిన రోజులవి. మాది కరీంనగర్ పక్క పల్లె. బడిలో నా చదువంతా ఉర్దూలోనే సాగింది. తెలుగు మాట అవ్వ నేర్పింది, తెలుగు చదవడం మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. బెల్లం కట్టిచ్చిన కాగితం కూడా విప్పి చదివేదాన్ని. అందుకే తెలుగు పుస్తకమంటే నాకు ఇప్పటికీ మోజు ఎక్కువ. మెట్రిక్ పాసయ్యానని మెట్‌పల్లి బ్లాకు ఆఫీసులో ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పే ఉద్యోగం ఇచ్చారు. పర్మనెంటు కాదు. నేను నడిపే కేంద్రం ఉన్నంతకాలం నేనుంటాను, అది మూతపడితే ఇంటికి పోవాలి. ఇంటికి పోతే ఏం జరుగుతుందో నాకు తెలుసు. మా బాపు ఒక సంబంధం చూసి పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్లవాడి మీద నాకు కోపమేమీ లేదు. వాళ్ళింట్లో పంచాంగం తప్ప ఇంకో పుస్తకం లేదు, అదే నా బాధ.

నాకు కేటాయించిన చోటు బీడీల ఖార్ఖానా. పొడుగాటి రేకుల షెడ్డు, అందులో రెండు వరసల్లో ఆడవాళ్ళు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో చాట. చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, మూతి ముడిచి దారం కట్టడం. పొద్దున కూర్చుంటే పొద్దు వాలేదాకా అదే పని. మొదటి రోజు నేను సంచీ నిండా పలకలు మోసుకుని పోయాను. వాళ్ళు పలకల వంక చూసి, తర్వాత తమ చేతుల వంక చూసుకుని నవ్వారు.

"పలక పట్టుకుంటె బీడీ ఎవలు సుడ్తరు పంతులమ్మా? నువ్వు సుడ్తవా?" అంది వాళ్ళలో నోటి దురుసు పిల్ల ఒకతి. చూద్దామని కూర్చున్నాను. నేను చుట్టిన బీడీ చేతిలో ఉండగానే విడిపోయింది, తంబాకు ఘాటుకు తుమ్ములు ఆగలేదు. షెడ్డంతా నవ్వు. ఆ నవ్వుతోనే వాళ్ళకూ నాకూ చనువు కుదిరింది.

చేతులకు తీరిక లేదు, చెవులకు ఉంది. చదివి వినిపిస్తాను అన్నాను. ఖార్ఖానా లెక్కలు చూసే మున్షీ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నోరు ఎంతన్న ఆడనియ్యి పంతులమ్మా, నాకేం ఫికర్ లేదు. చేతులు మాత్రం ఆగొద్దు" అని ఒప్పుకున్నాడు.

ఏం చదవాలో చెప్పింది మా సారు. మా సారంటే బ్లాకు ఆఫీసులో నా పై అధికారి. కృష్ణా ఒడ్డు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. జొన్నరొట్టె తిన్న ప్రతిరోజూ ముఖం వేలాడేసేవాడు గాని మనసు మంచిది. ఆయన పెట్టెలో పాత కథల సంపుటి ఒకటి ఉండేది, ఉతికిన పంచె ముక్కలో చుట్టి దాచుకునేవాడు. అందులో ఒక కథంటే ఆయనకు ప్రాణం. ఫైళ్ళ మీద సంతకాలు పెడుతూ కూడా అందులోని వాక్యాలు అప్పజెప్పేవాడు.

"వాళ్ళకి గొప్ప సాహిత్యం రుచి చూపించాలమ్మా. ఇది చదవండి. ఆ ఇంట్లోకి వెన్నెల వచ్చే చోట మాత్రం జాగ్రత్త, తొందరపడకూడదు" అని సంపుటి నా చేతిలో పెట్టాడు.

కథ పేరు చెప్పను, పేరుతో మనకు పని లేదు. కాలవ ఒడ్డున ఒక మిద్దె ఇల్లు. ఆ ఇంటి యజమాని సంగీతమంటే చెవి కోసుకునే మనిషి. పున్నమినాడు మిత్రుల్ని పిలిచి అరుగు మీద వీణ కచేరీ పెట్టిస్తాడు. లోపల భార్యకు జ్వరం. దాహమేస్తుంది. పిలిస్తే కచేరీకి భంగమని ఆమె పిలవదు. వెన్నెల వాకిట్లోంచి మెల్లగా లోపలికి వస్తుంది. గడప దాటి, వసారా దాటి, వంటింటి ఇత్తడి బిందెల మీద కాసేపు నిలబడి, చివరికి ఆమె పాదాల దగ్గరికి చేరుతుంది. తెల్లారేసరికి ఆమె లేదు. ఆయన కళ్ళు తుడుచుకుని, ఎంత సడి లేకుండా వెళ్ళిపోయిందో అని మిత్రులతో మెచ్చుకోలుగా అంటాడు. కథ ఇంతే. రాసినాయనకు కూడా ఆ భార్యాభర్తల మీద బోలెడు గౌరవం ఉన్నట్టే కనిపిస్తుంది.

కానీ ఆ రాత! వెన్నెల నడక రెండు పేజీలు. ఒక్క మాట తీస్తే మిగతావి కుంటుతాయి. మా కరీంనగర్ వైపు మేం ఏనాడూ మాట్లాడని తెలుగు అది. అయినా వింటుంటే ఒంటికి చల్లగా తగిలేది.

బీడీల వాళ్ళలో పెద్దావిడ ఒకామె ఉండేది, అందరూ పెద్దవ్వ అనేవారు. కథ ఎవరు చెప్పినా ఊ కొట్టే హక్కు ఆమెది. ఒగ్గు కథలు విని విని నేర్చిన అలవాటు. ఊ అంటే ముందుకు పోవాలి, అనకపోతే ఆగాలి. నేను చదువుతుంటే కాలవకు ఊ, వీణకు ఊ, వెన్నెల గడప దాటినప్పుడు పొడుగ్గా ఒక ఊ. కథలో భార్యకు దాహమైన చోట మాత్రం ఊ రాలేదు. తలెత్తి చూస్తే అందరి పెదాలూ బిగుసుకుని ఉన్నాయి. అట్లాగే చివరిదాకా చదివాను.

ముగించానో లేదో షెడ్డు దద్దరిల్లింది.

"ఇంత గుక్కెడు నీళ్ళియ్యలే! వాని వీణల మన్ను వడ!" అంది దురుసు పిల్ల.

"గామె నోట్లె ఏం బెట్టుకున్నది? ఒర్రద్దా? సచ్చేటప్పుడు గూడ మొగని కచేరే ముఖ్యమా?" అని ఇంకొకామె.

"అరుగు మీద గంతమంది ఉన్నరు గద. ఇంటామె ఏది అని ఒక్కడన్న అడిగిండా?" అని వెనక వరస నుంచి ఇంకెవరో.

కథలో ఉన్న వాళ్ళను ఒక్కరినీ వదలకుండా ఉతికి ఆరేశారు. నేను సంపుటి మూసేసి, సరే, రేపు ఇంకోటి తెస్తాను అనుకున్నాను. మర్నాడు ఇంకోటి తీస్తుంటే దురుసు పిల్ల చేయి అడ్డం పెట్టింది. "గదేంది? గా ఎన్నెల కథ సదువు." మళ్ళీ చదివాను. మళ్ళీ తిట్టారు. మూడో రోజూ అదే అడిగారు.

నాలుగో రోజు మున్షీ చాట నిండా బీడీలు తెచ్చి నా ముందు కుమ్మరించాడు. ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కి చూపించాడు, అది నొక్కుపడలేదు. "సూడు పంతులమ్మా, కట్టె లెక్క సుట్టిన్రు. గుంజితె పొగ వస్తలేదు. గివన్నీ వాపస్ వచ్చినయి. ఎవల మీదనే మీకు గింత కోపం?"

"నీ మీద కాదు మున్షీ సాబ్. గా వీణ ఇనేటోని మీద" అంది దురుసు పిల్ల.

"ఎవడు వాడు? ఏ ఊరోడు?" అన్నాడు మున్షీ, నిజంగానే పరేషాన్ అయి.

సంగతి ఇదీ అని నేను చెబితే ఆయన తల కొట్టుకున్నాడు. కోపం వచ్చిన చోట వేళ్ళు బిగుసుకుంటున్నాయి, బీడీ గట్టిపడుతోంది. దేవుని కథలు చదువుకో, లేకపోతే చదువుడే బంద్ అని తేల్చేశాడు. సరేనని భక్తి కథలు పట్టుకుపోయాను. బీడీలు లక్షణంగా వచ్చాయి. వినేవాళ్ళు ఆవలించారు. పెద్దవ్వ ఊ కొట్టడం మానేసి కునికింది.

ఉండబట్టలేక అడిగాను. "వాళ్ళెవరూ మీకు నచ్చలే కదా పెద్దవ్వా? మళ్ళీ అదే కథ ఎందుకు?"

"వాడు నచ్చలే బిడ్డా. కథ నచ్చలేదని ఎవలన్నరు?" అంది ఆమె, ఆకు సర్దుకుంటూ. "నా మొగడు గూడ గసొంటోడే. గని వాని కత ఎవ్వలు గంత మంచిగ సెప్పలే."

ఆ మాటతో చేతిలోని పుస్తకం సంచీలో పెట్టేశాను. మళ్ళీ భక్తి కథ తెరవబుద్ధి కాలేదు.

సారుకు వెళ్ళి చెప్పాను. ఆయన నొచ్చుకున్నాడు. "ఆయన కళాహృదయుడమ్మా! మీరు సరిగ్గా చెప్పి ఉండరు" అన్నాడు. సంపుటి నా చేతిలోంచి తీసుకుని ఆ పేజీ తిరగేసి, "నేను ఇన్నేళ్ళుగా చదువుతున్నాను. ఆవిడకి దాహమేసిందన్న సంగతి చదువుతూనే ఉన్నాను. ఎవరన్నా నీళ్ళివ్వాలి కదా అని మాత్రం నాకు తట్టలేదమ్మా" అన్నాడు. ఆ నిజాయితీకి ఆయనంటే నాకు గౌరవం పెరిగింది. అంతలోనే అధికారి బుర్ర పనిచేసింది. "ఓ పని చేయండి. ఆ జ్వరం ముక్క వదిలేసి వెన్నెల మటుకు చదవండి."

ఇంటికి పోయి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. వల్ల కాలేదు. వెన్నెల ఎక్కడ నడుస్తుందో జ్వరమూ అక్కడే ఉంది. ఒకే వాక్యంలో అటు సగం అది, ఇటు సగం ఇది. ఆమెను తీసేస్తే వెన్నెల ఎవరి దగ్గరికి పోవాలో తెలియక నడవలో నిలబడిపోతుంది. పెన్సిలు పక్కన పడేశాను.

దారి చూపింది దురుసు పిల్లే. "సదివినంత సేపు నోరు మూసుకొని బీడీ సుడుదం. కోపం మింగుదం. అయిపోయినంక అందరం కత్తెరలు వట్టి ఆకు కత్తిరిద్దం, అప్పుడు కడుపునిండ తిడుదం. ఎంత కోపంల కత్తిరిచ్చినా ఆకు ఆకే గద!"

షెడ్డుకు ఆ మాట నచ్చింది. ఆ రోజు నుంచి మా పద్ధతి అదే. చదువుతున్నంతసేపు చుట్టడం. వెన్నెల దగ్గర వేళ్ళు మెత్తగా ఆడేవి. కథ అయిపోగానే కత్తెరలు లేచేవి. ఆ టకటకల మధ్య పాపం ఆ వీణ మనిషికి పడిన తిట్లు ఇక్కడ రాయలేను, ఇంట్లో పెద్దవాళ్ళున్నారు. మున్షీ వచ్చి బీడీలు నొక్కి చూసి, "ఇప్పుడు మంచిగున్నయి" అని తలూపి వెళ్ళాడు. తర్వాత్తర్వాత తిట్టే వేళకు ఆయన కూడా వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

కథ వాళ్ళకు నోటికి వచ్చేసింది. అప్పుడు నాకొక ఆలోచన తట్టింది. ఆఫీసు నుంచి నల్లబల్ల తెప్పించి షెడ్డు చివర వేలాడదీశాను. వెన్నెల పేజీలోంచి రోజుకు కొంచెం పెద్ద అక్షరాలతో రాసేదాన్ని. చేతులు బీడీ మీద, కళ్ళు బల్ల మీద. నోటికి వచ్చిన మాట ఏ అక్షరం దగ్గర ఉందో వెతుక్కునేవారు. ఆఫీసులో తోటివాళ్ళు పగలబడి నవ్వారు. అందరూ అఆలతో మొదలుపెడితే ఈమె వెన్నెలతో మొదలుపెట్టింది అన్నారు. నవ్వనిచ్చాను. నెలలు గడిచేసరికి ఆ ఆడవాళ్ళు బీడీ కట్టల మీది చీటీలు చదువుతున్నారు. పెద్దవ్వ ఒకసారి మున్షీ రాసిన పేరు తప్పని చెప్పి దిద్దించింది కూడా.

అంత సంబరంలో ఉండగా కబురు వచ్చింది. కేంద్రాలు ఎక్కువయ్యాయట, పనికిరానివి మూసేస్తారట. ఏది ఉంచాలో తేల్చడానికి కరీంనగర్ నుంచి పెద్ద అధికారి వస్తున్నాడు. మా కేంద్రం మీద ఎవరో ముందే ఆయన చెవిన వేశారు: అక్కడ ఆడవాళ్ళకు చదువు రాదు, ఒక కథను చిలకల్లా అప్పజెబుతారు అని. సారు నాకు ఆ మాట చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు. నాకు బాపు, ఆయన చూసిన సంబంధం, ఆ ఇంటి పంచాంగం వరసగా కళ్ళ ముందు కదిలాయి.

పెద్ద అధికారి పొద్దున్నే వచ్చాడు. నిజాం కాలం నుంచి కొలువులో ఉన్న మనిషి. షేర్వాణీ, తెల్లటి మీసాలు. తెలుగు మాట బాగా వచ్చు గాని తెలుగు రాత మాత్రం ముదిరిన వయసులో, కొత్త ప్రభుత్వం వచ్చాక పరీక్ష కోసం నేర్చుకున్నాడట. షెడ్డులో కుర్చీ వేస్తే కూర్చుని, సాగనియ్యండి అన్నాడు. బల్ల మీది వెన్నెల వాక్యాలు ఒక్కొక్కరూ చదివారు. చేతులు ఆగలేదు, గొంతులు తడబడలేదు.

"మంచిగ సదివిన్రు. గని గిది సదువుడా, యాదికుండుడా?" అన్నాడు ఆయన మెల్లగా.

సారు అడ్డుపడి, కథ గొప్పదని మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. ఆయన గొంతు చివర్లో వణికింది కూడా. కథ అయిపోయింది గనుక షెడ్డు అలవాటు ప్రకారం కత్తెరలు అందుకుని వీణ మనిషి మీద పడింది. వచ్చింది ఎవరన్న సంగతి కూడా మరిచిపోయారు. నేను కళ్ళు మూసుకున్నాను.

తెరిచి చూస్తే పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "గంత తప్పేం జేసిండమ్మా వాడు?"

"నీళ్ళియ్యలే సాబ్!" అని షెడ్డంతా ఒక్కటే గొంతు.

ఆయన లేచాడు. అందరినీ అటు తిరగమని, నా చేతిలోంచి చాక్‌పీసు తీసుకున్నాడు. బల్ల మీద వెన్నెల ఆమె పాదాల దగ్గరికి చేరే ఆఖరి వాక్యం చేత్తో తుడిచేసి, దాని చోట మెల్లగా, అక్షరం అక్షరం తలుచుకుంటూ ఏదో రాశాడు. ఏం రాశాడో చదివి నేను సారు వైపు చూశాను. ఆయన ముఖం పాలిపోయి ఉంది. నోటికి వచ్చింది అప్పజెప్పేవాళ్ళయితే అక్కడ పట్టుబడిపోతారు. అంతకన్న మంచి పరీక్ష నేను నా ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు.

"నువ్వు సదువు అవ్వా" అన్నాడు పెద్దవ్వతో.

పెద్దవ్వ చాట దించి లేచి నిలబడింది. వెన్నెల గడప దాటింది. వసారా దాటింది. బిందెల మీద నిలబడింది. ఆమె గొంతు వానకాలం కాలవలాగా సాగిపోతోంది, ఆగేట్టు లేదు. ఇక అయిపోయింది నా పని అనుకున్నాను. ఆగింది.

కళ్ళు చికిలించి ఒక అడుగు ముందుకేసింది. "అప్పు... డా... యన..." షెడ్డులో ఒక్క ఆకు చప్పుడు లేదు. "అప్పుడాయన... లేచి... లోపలికి వెళ్ళి..." పెద్దవ్వ వేలు గాలిలోనే అక్షరాల వెంట కదులుతోంది. "ఆమెకు... నీళ్ళు... ఇచ్చాడు."

"ఇచ్చిండా?" అని కేక పెట్టింది దురుసు పిల్ల. "అయ్యో, ఇచ్చిండా!" షెడ్డంతా గోల. చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు, కళ్ళొత్తుకున్నవాళ్ళు ఒత్తుకున్నారు. గుమ్మంలో మున్షీ కూడా నవ్వుతున్నాడు. పెద్దాయన మా సారు వైపు తిరిగి, "గీ కేంద్రం ఉంటది. రాసుకోండ్రి" అన్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ క్షణాన నాకు కలిగిన గర్వం తర్వాత ఏ ప్రమోషన్‌లోనూ కలగలేదు. ఆమె చదివింది. నేను నేర్పితే చదివింది.

కానీ పెద్దవ్వ కూర్చోలేదు. బల్ల వైపే చూస్తూ, పెదాలు కదుపుతూ మొదటి నుంచి మళ్ళీ చదువుకుంది. తర్వాత పెద్దాయన వైపు తిరిగింది.

"మంచిగ రాసినవ్ సాబ్. నీ కడుపు సల్లగుండ. గని గిది ఈడ ఉండొద్దు."

"ఎందుకవ్వా? మీరు అడిగింది గదే గద?"

"అడిగినం. గని వాడు లేసి పోంగనే ఎన్నెల ఆడ బిందెల కాడనే ఆగిపోయింది సూడు. ఆమె కాళ్ళ దాంక వస్తలేదు. ఎవ్వలు రాలేదని గద సాబ్, ఎన్నెలన్న వచ్చింది."

నిజం చెప్పాలంటే నాకు ఆ నీళ్ళు ఉంచాలనే ఉండింది. పెద్దవ్వ ఎవరినీ అడగకుండానే బల్ల దగ్గరికి పోయి, కొంగుతో ఆ వాక్యం తుడిచేసింది.

పెద్దాయన మీసం దువ్వుకుంటూ ఆ ఖాళీ వైపు చూశాడు. "అయితె వాన్ని మాఫ్ జేసినట్టేనా?"

"ఎట్ల జేస్తం సాబ్?" అంది పెద్దవ్వ, చాట ఒళ్ళోకి లాక్కుంటూ. "గుక్కెడు నీళ్ళియ్యనోన్ని మాఫ్ జేస్తమా?" తర్వాత నా వైపు చూసింది. "రాయి బిడ్డా. ఉన్నదున్నట్టు రాయి."

నేను చాక్‌పీసు అందుకుని, ఉన్నదున్నట్టే రాశాను.